గోదారి నీళ్లు నడిచే ఎందుకు తేవాలె?



ఈ నెల గోడపత్రికలో పాఠం రాసే వంతు మా తొమ్మిదో తరగతిది. 'మన ఊరి పండుగలు' అనే విషయం మీద రాయమన్నారు. నేను మా నాగోబా జాతర గురించి రాస్తున్నాను. నేను చూసినవి కొన్ని, మా తాత, బాపు చెప్పినవి కొన్ని, పుస్తకంలో చదివినవి కొన్ని ఇందులో ఉన్నాయి. అక్షర దోషాలుంటే పెద్దలు దిద్దాలని కోరుతున్నాను.

ఈ పాఠం ఎందుకు రాస్తున్నాను?

డిసెంబరులో ఒకరోజు సోషల్ పీరియడ్‌లో గోదావరి నది పాఠం జరుగుతోంది. గోదావరి మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టిందని, తూర్పుకు పారి బంగాళాఖాతంలో కలుస్తుందని మేడమ్ చెప్పారు. గోదావరి గురించి మీకు తెలిసింది చెప్పండి అన్నారు. నేను చేయి ఎత్తి, "మేడమ్, మా వాళ్లు గోదారి దాక నడిచిపోయి నీళ్లు తెచ్చి మా దేవునికి అభిషేకం చేస్తరు. రానుపోను వంద కిలోమీటర్లకు పైనే ఉంటది" అని చెప్పాను.

వెనక బెంచీ నుంచి నా దోస్తు అన్నది: "జీపుల పోతే పొద్దుగాల పోయి మాపటికి రావొచ్చు గదనే! గన్ని దినాలు నడుసుడెందుకు? మీకు పనిలేదా?"

క్లాసంతా నవ్వారు. నేను కూడా నవ్వాను. కానీ రాత్రి స్టడీ అవర్‌లో పుస్తకం తెరిస్తే ఒక్క ముక్క ఎక్కలేదు. ఆమె మీద కోపం కాదు. నాకు జవాబు రాలేదని, రాక నేను కూడా నవ్వానని నా మీద నాకే కోపమొచ్చింది. మా ఇంటిపేరు మెస్రం. నాగోబా మా దేవుడే. అయినా ఎందుకు నడుస్తారో నాకే తెలియదు.

జాతరకు వార్డెన్ మేడమ్ మూడు రోజులు సెలవిచ్చారు. ఈసారి ఊరికే తిని, తిరిగి, గాజులు కొనుక్కొని రావద్దనుకున్నాను. నోటుబుక్కు పట్టుకొని పోయాను.

నాగోబా ఎవరు? కేస్లాపూర్ ఎక్కడ?

నాగోబా అంటే నాగదేవుడు. గోండులలో మెస్రం వంశం వాళ్ల కులదైవం. నాగోబా గుడి ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలో కేస్లాపూర్ ఊళ్లో ఉంది. ప్రతి ఏడాది పుష్య అమావాస్య రాత్రి మహాపూజ జరుగుతుంది. ఆ తర్వాత కొన్ని రోజులు జాతర. తెలంగాణ నుంచే కాదు, మహారాష్ట్ర నుంచి కూడా ఎడ్ల బండ్ల మీద, జీపుల్లో, బస్సుల్లో జనం వస్తారు.

అమావాస్య చంద్రుణ్ణి బట్టి వస్తుంది. అందుకని జాతర ఒక ఏడాది సంక్రాంతి సెలవుల దగ్గరే పడుతుంది, ఇంకో ఏడాది ఫిబ్రవరిలో పడుతుంది. మన స్కూలు క్యాలెండరును చంద్రుడు చూడడు. పోయినేడు పరీక్షలుండి నేను పోలేదు. ఆ రాత్రి డార్మెటరీ కిటికీలోంచి చూస్తే బయట అంతా చీకటి. అక్కడ ఇప్పుడు డోలు కొడుతుంటారు అనుకుంటూ పడుకున్నాను.

గోండులలో సగలు ఉంటాయి. నాలుగు దేవుళ్లవాళ్లు, ఐదు దేవుళ్లవాళ్లు, ఆరు దేవుళ్లవాళ్లు, ఏడు దేవుళ్లవాళ్లు. మెస్రం వాళ్లు ఏడు దేవుళ్ల సగ. ఒక సగలో పుట్టినవాళ్లంతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వాళ్లలో వాళ్లకు పెళ్లిళ్లు కావు. పిల్లను వేరే సగ నుంచే తెచ్చుకోవాలి, వేరే సగకే ఇవ్వాలి. ఇది గుర్తుపెట్టుకోండి. ముందు దీనితో పని ఉంది.

నడక ఎట్లా జరుగుతుంది?

పుష్యమాసం నెల కనబడినాక పెద్దలు కూర్చొని మాట్లాడుకుంటారు. ఎడ్ల బండి కట్టుకొని ఊరూరూ తిరిగి జాతర సంగతి చాటుతారు. తర్వాత కేస్లాపూర్ నుంచి మెస్రం వాళ్లు గోదావరికి బయలుదేరుతారు. తెల్లటి బట్టలు, తలకు రుమాలు, కాళ్లకు చెప్పులుండవు. ఒకరి వెనక ఒకరు వరుసగా పోతారు. అడవి దారులు, చేన్ల గట్లు, గుట్టలు దాటి, మంచిర్యాల జిల్లా జన్నారం మండలం కలమడుగు దగ్గర ఉన్న హస్తినమడుగుకు చేరుతారు. అక్కడ గోదావరిలో స్నానం చేసి, పూజ చేసి, ఝారిలో నీళ్లు నింపుతారు. ఝారి అంటే చెంబు వంటి పాత్ర. ఆ ఝారిని ఎంతో భద్రంగా మోసుకొని తిరిగి వస్తారు.

వచ్చేటప్పుడు ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేస్తారు. అక్కడి నుంచి కేస్లాపూర్ మర్రిచెట్ల కిందికి వస్తారు. అమావాస్య వరకు అక్కడే బస. ఆ రోజు డోళ్లు, పెప్రెలు, కాలికోములు మోగుతుంటే మర్రిచెట్ల నుంచి గుడి దాకా ఊరేగింపుగా పోతారు. రాత్రి ఆ గోదారి నీళ్లతో నాగోబాకు అభిషేకం జరుగుతుంది.

ఈసారి మా ఇంటి నుంచి మా బాపు నడిచాడు. ఇంతకుముందు మా తాత నడిచేవాడు. ఇప్పుడు తాతకు మోకాళ్లు వాచి నడక కాదు. బాపు పోయిన రోజుల్లో మా చేనులో ఆఖరి పత్తి ఏరుడు ఆగిపోయింది. మా అవ్వ ఒక్కతే ఏరింది. కూలి పోయింది, కొంత పత్తి మంచుకు తడిసింది. బాపు కాళ్లకు ముళ్లు గుచ్చుకొని పుండ్లు పడ్డాయి. ఇవన్నీ చూసి నాకు మళ్లీ నా దోస్తు అడిగిన మాటే గుర్తొచ్చింది. తాత పక్కన కూర్చొని అడిగాను.

"తాతా, జీపుల పోయి నీళ్లు తెస్తే దేవుడు వద్దంటడా?"

తాత నవ్వలేదు, కోపం చేయలేదు. చుట్ట పక్కన పెట్టి నన్నే అడిగాడు:

"జీపు ఏ ఊళ్లె ఆగుతది బిడ్డా?"

నేను ఆలోచించాను. "ఎక్కడా ఆగది తాతా. సీదా పోతది."

"మరి మేము ప్రతి ఊళ్లె ఆగుతం" అన్నాడు.

తర్వాత తాత ఒక్కొక్క ఊరి పేరు చెప్పాడు. ఏ ఊళ్లో ఎవరి ఇంటి ముందర కూర్చుంటారో, ఎవరు అన్నం పెడతారో, ఎవరు చాయ్ పోస్తారో చెప్పాడు. ఒక ఊళ్లో మా ముత్తాత చెల్లెలిని ఇచ్చారట. ఆమె చనిపోయి ఎన్నో ఏళ్లయింది. అయినా ఆ ఇంటి వాళ్లు ఇప్పటికీ మా వాళ్లు వస్తే కాళ్లకు నీళ్లిస్తారు. ఏడాదికొకసారి ఆ దారిన నడవకపోతే ఆ ఇల్లు మాకు చుట్టమని నాకు తెలిసేదే కాదు. నేను నోటుబుక్కులో పదకొండు ఊళ్లు, పదకొండు ఇండ్లు రాసుకున్నాను. అవి రాసేసరికి రెండు పేజీలు నిండాయి.

ఒక్కరి పని కాదు

తాత చెప్పిన ఇంకో సంగతి నాకు చాలా నచ్చింది. నాగోబా పూజలో ఎవరి పని వాళ్లకు ఉంది. ఒకరి పని ఇంకొకరు చేయరాదు.

మొదటిది కుండలు. పూజకు కావాల్సిన కొత్త కుండలను సిరికొండ కుమ్మరులు చేస్తారు. వాళ్లు గోండులు కారు. కానీ తరతరాల నుంచి ఆ కుటుంబమే చేస్తోంది. మెస్రం వాళ్లు బండి కట్టుకొని వాళ్ల ఇంటికి పోయి, కుండలు చేయమని అడగాలి. ఎంత పెద్ద పటేల్ అయినా అడగాల్సిందే. బజారులో కొన్న కుండ పనికిరాదు.

రెండోది ఆడపడుచుల పని, అల్లుళ్ల పని. మెస్రం ఇంట్లో పుట్టి వేరే సగకు పోయిన ఆడబిడ్డలు కోనేటి నుంచి కొత్త కుండల్లో నీళ్లు తేవాలి. అల్లుళ్లు పుట్టమన్ను తెచ్చి తొక్కాలి. ఆ నీళ్లు, ఆ మన్ను కలిపి దేవతల గద్దెలు అలంకరిస్తారు. నేను ఇది విని చాలా సంతోషపడ్డాను. ఎందుకంటే ఆడపిల్లకు పెళ్లయితే పుట్టింటితో తెగిపోయినట్టే అని చాలామంది అంటారు. మా దగ్గర అట్లా కాదు. పెళ్లయి పోయిన ఆడబిడ్డ వచ్చి నీళ్లు పోస్తేనే ఆ పని అవుతుంది. మా మేనత్త ఈసారి చంటిపిల్లను చంకనేసుకొని, తల మీద కుండ పెట్టుకొని నడిచింది. నేను పిల్లను తీసుకుంటానంటే, "నీ వంతు వస్తది తియ్, అప్పుడు మొయ్యి" అంది.

మూడోది పర్ధానుల పని. వాళ్లు కిక్రి వాయిస్తూ మా వంశం కథలు చెప్తారు. పుస్తకం లేకుండా, రాత లేకుండా మా చరిత్ర అంతా వాళ్ల నోట్లోనే ఉంది.

నాలుగోది పొయ్యిలు. గుడి ఆవరణలో 22 పొయ్యిలు ఉంటాయి. మెస్రం వంశంలో 22 కితలున్నాయి, అంటే శాఖలు. ఎన్ని వందల కుటుంబాలు వచ్చినా ఆ పొయ్యిల మీదే వంతులవారీగా వండుకోవాలి. మన మెస్సులో పళ్లెం పట్టుకొని లైన్లో నిలబడ్డట్టే అక్కడ కూడా వంతు కోసం ఆగాలి. భూమి ఉన్నోళ్లు, లేనోళ్లు, ఉద్యోగం ఉన్నోళ్లు, కూలికి పోయేటోళ్లు అందరికీ అదే పొయ్యి.

మా వదిన భేటింగ్

పోయిన ఎండాకాలం మా అన్న పెళ్లయింది. వదిన వేరే సగ పిల్ల. మెస్రం ఇంటికి వచ్చిన కొత్త కోడలు నాగోబాను ముందుగా చూడరాదు. మహాపూజ అయినాక భేటింగ్ జరగాలి. అంటే కొత్త కోడళ్లను దేవునికి పరిచయం చేయడం. కోడళ్లంతా తెల్ల చీరలు కట్టుకొని, ముఖం కనబడకుండా కొంగు కప్పుకొని వరుసగా కూర్చుంటారు. పెద్ద ఆడవాళ్లు వాళ్లను తీసుకుపోయి మొక్కిస్తారు.

చలి బాగా ఉంది. వదిన చేతులు వణుకుతున్నాయి. చలికో, భయానికో తెలియదు. మొక్కి బయటికి వచ్చినాక కొంగు తీసి నన్ను చూసి నవ్వింది. "ఇప్పుడు నేను కూడా మీ ఇంటిదాన్నే గద" అంది. అప్పటిదాకా ఆమె మా ఇంట్లో ఏ గిన్నె తీయాలన్నా అడిగి తీసేది. ఆ మర్నాటి నుంచి అడగకుండానే తీస్తోంది.

దర్బారు కథ

జాతరలో ఇంకో ముఖ్యమైనది దర్బారు. ఇది పూజ అంత పాతది కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం వీరమరణం పొందాడు. జల్, జంగల్, జమీన్ కోసం ఆయన నిజాం ప్రభుత్వంతో పోరాడాడు. ఆ తర్వాత గోండుల బాధలు ఏమిటో తెలుసుకోవడానికి ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుణ్ణి పంపింది. ఆయన ఆస్ట్రియా దేశంలో 1909లో పుట్టినవాడు. మార్లవాయి ఊళ్లో తన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి గుడిసెలో ఉండి గోండి నేర్చుకున్నాడు. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ కేంద్రం పెట్టారు. గోండి భాషలో వాచకాలు రాయించారు. మన పిల్లలకు బడి అనేది అట్లా మొదలైంది. ఎలిజబెత్ 1987లో, హైమన్‌డార్ఫ్ 1995లో చనిపోయారు. వాళ్ల సమాధులు మార్లవాయిలో ఉన్నాయి.

ఆ 1940లలోనే ఆయన ఒక మంచి ఆలోచన చేశాడు. గోండులు ఆఫీసుల చుట్టూ తిరగలేరు. కానీ నాగోబా జాతరకు అందరూ వస్తారు. అందుకని అధికారులనే జాతరకు రమ్మందామని దర్బారు పెట్టించాడు. అప్పటి నుంచి జాతర రోజుల్లో దర్బారు జరుగుతోంది. కలెక్టరు, అధికారులు వచ్చి కూర్చొని అర్జీలు తీసుకుంటారు.

జాతరకు పోయే దారిలో ఇంద్రవెల్లిలో స్తూపం కనబడుతుంది. 1981 ఏప్రిల్ 20న భూమి కోసం సభ పెట్టుకోవడానికి వచ్చిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్ల గుర్తుగా ఆ స్తూపం కట్టారు. మన మాట వినే చోటు ఒకటి ఉండడం ఎంత అవసరమో ఆ స్తూపం చూస్తే తెలుస్తుంది.

మా గూడేనికీ ఒక బాధ ఉంది. వాగు మీద వంతెన లేదు. వానాకాలం వాగు పొంగితే గూడెం దాటి బయటికి రాలేము. రెండేళ్ల కింద మా పెద్దమ్మకు నొప్పులొస్తే మంచం మీద పెట్టి నలుగురు మోసుకొని వాగు దాటించారు. పెద్దమ్మ బతికింది. పిల్లవాడు బతకలేదు.

మా తాత ఇంతకుముందు మూడుసార్లు దర్బారులో అర్జీ ఇచ్చాడు. తాతకు చదువు రాదు. బాపుకు రాదు, అవ్వకు రాదు. జాతరలో ఒకాయనకు పైసలిచ్చి రాయించేవాళ్లు. ఆ జిరాక్సు కాగితాలు తాత రేకు డబ్బాలో దాచాడు. ఈసారి నేను తీసి చదివాను. ఒకదాంట్లో మా గూడెం పేరు తప్పు. ఇంకోదాంట్లో వేరే వాగు పేరు రాసి ఉంది. మూడోదాంట్లో వంతెన మాటే లేదు, ఇల్లు కావాలని ఉంది. తాత అడిగింది ఒకటి, రాసింది ఒకటి.

చదివి వినిపించాక తాత చాలాసేపు మాట్లాడలేదు. "మూడుసార్లు వేలేసిన బిడ్డా" అని మాత్రం అన్నాడు.

ఆ రాత్రి మర్రిచెట్టు కింద లాంతరు పెట్టుకొని నేను అర్జీ రాశాను. మన తెలుగు వాచకంలో లేఖారచన నేర్పారు గదా, అట్లాగే స్థలం, తేదీ, 'గౌరవనీయులైన' అని మొదలుపెట్టి రాశాను. మా గూడెం పేరు, వాగు పేరు, ఎన్ని ఇండ్లున్నాయి, ఎన్ని నెలలు దారి ఉండదు, పెద్దమ్మకు ఏమైంది అన్నీ రాశాను. తాత మూడుసార్లు చదివించుకున్నాడు. గోండిలో చెప్పమన్నాడు, తెలుగులో చదవమన్నాడు. రెండూ ఒకటే అని నమ్మకం కుదిరాక వేలిముద్ర వేశాడు.

దర్బారులో అర్జీ తీసుకున్న సారు చదివి, "ఎవరు రాసిండ్రు?" అని అడిగారు. తాత నన్ను ముందుకు నెట్టి, "నా మన్మరాలు. హాస్టల్ల సదువుతది" అన్నాడు. నాకు సిగ్గేసి తల వంచుకున్నాను. రసీదు ఇచ్చారు. దాని మీది నెంబరును నా నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నాను. ఇంకా వంతెన రాలేదు. కానీ ఈసారి మేము అడిగిందే అడిగామని మాకు తెలుసు. మళ్లీ అడగడానికి నెంబరు ఉంది.

మారినవి, మారనివి

పాత ఆచారం అంటే ఏదీ మారకుండా ఉంటుందని నేను అనుకునేదాన్ని. అది తప్పు. దర్బారు 1940లలో వచ్చి చేరింది. కొత్త రాతి గుడిని మెస్రం వంశం వాళ్లు తలా ఇంత చందా వేసుకొని కట్టుకున్నారు. 2022 డిసెంబరులో ప్రారంభించారు. 2016లో ఆదిలాబాద్ జిల్లా నాలుగు జిల్లాలయింది. ఇప్పుడు నాగోబా ఒక జిల్లాలో, హస్తినమడుగు ఇంకో జిల్లాలో ఉన్నాయి. అయినా నడిచేవాళ్లు అదే దారిన నడుస్తున్నారు. జాతరకు జీపులు వచ్చాయి, సెల్‌ఫోన్లు వచ్చాయి. మా బాపు కూడా ప్రతి రాత్రి ఫోన్ చేసి ఏ ఊరికి చేరిందీ చెప్పాడు.

మరి మారనిది ఏది? నాకు అర్థమైంది ఇది. నడక, కుండ అడగడం, ఆడబిడ్డను పిలవడం, కోడలిని కలుపుకోవడం, ఒకే పొయ్యి దగ్గర వంతు కోసం ఆగడం. ఇవన్నీ ఒకరింటికి ఒకరిని తీసుకుపోయే పనులు.

నా జవాబు

నా దోస్తుకు ఇప్పుడు జవాబు చెప్తున్నాను. నీళ్లే కావాలంటే జీపు చాలు. కానీ మా వాళ్లు తెచ్చేది నీళ్లొక్కటే కాదు. దారి పొడుగునా ఉన్న చుట్టాలను, మాట్లాడక మరిచిపోయినవాళ్లను, పెళ్లి చేసి పంపిన ఆడబిడ్డల ఇండ్లను ఏడాదికొకసారి కలుపుకొని వస్తారు. అందుకే నడుస్తారు. ఇందులో కష్టం ఉంది, కూలి నష్టం ఉంది, కాళ్లకు పుండ్లు ఉన్నాయి. అది దాచను.

ఈ పాఠాన్ని గోడకు అంటించకముందే ఆమెకు చూపించాను. చదివి, "వచ్చే ఏడు నన్ను కూడా తీస్కపోతవా?" అంది. తప్పకుండా తీసుకుపోతాను.

ఒక్క భయం మాత్రం ఉంది. మేము పిల్లలమంతా హాస్టళ్లలో ఉంటున్నాం. చదువు కావాలి. చదువు లేకపోతే తాత అర్జీ ఇంకా తప్పుగానే ఉండేది. కానీ తాతకు తెలిసిన పదకొండు ఇండ్లు నాకు తెలియకపోతే, నా తర్వాతివాళ్లకు ఎవరు చెప్తారు? అందుకని పెద్దలకు ఒక మనవి. మన హాస్టల్లో గోండులు, కోలాములు, తోటీలు, నాయక్‌పోడులు, లంబాడీలు ఉన్నాం. ఎవరి ముఖ్యమైన పండుగ ఎప్పుడు వస్తుందో ఏడాది మొదట్లోనే ఒక చార్టు మీద రాసి ఆఫీసు గదిలో పెడితే, పరీక్షలు లేని రోజులు చూసి సెలవు ఇవ్వడానికి వీలవుతుంది. చార్టు మేమే రాస్తాం.

కొత్త మాటలు

పెన్: దేవుడు (గోండి)
ఏర్: నీళ్లు (గోండి)
నార్: ఊరు (గోండి)
సగ: ఒకే దేవుళ్ల లెక్కకు చెందిన వంశాల గుంపు
కిత: వంశంలో శాఖ
కిక్రి: పర్ధానులు వాయించే తీగల వాద్యం
భేటింగ్: కొత్త కోడలిని నాగోబాకు పరిచయం చేయడం

ఇంటికి పోయినప్పుడు అడిగి రండి

1. మీ ఊరి పండుగలో మీ ఇంటివాళ్లు చేయాల్సిన పని ఏది?
2. వేరే కులం, వేరే తెగవాళ్లు చేసే పని ఏది? వాళ్లను ఎవరు పోయి పిలవాలి?
3. పెళ్లయి పోయిన ఆడబిడ్డకు అందులో పని ఉందా?
4. మీ తాత, నానమ్మ కాలానికి ఇప్పటికీ ఏం మారింది?
5. మీ ఇంట్లో దాచిన పాత కాగితాలున్నాయా? తీసి చదివి వినిపించండి.

జవాబులు రాసి ఇస్తే వచ్చే నెల గోడపత్రికలో అందంగా రాసి పెడతాం. అక్షరాలు బాగోలేకున్నా ఫరవాలేదు.

ఇట్లు,
మెస్రం వారి పిల్ల,
తొమ్మిదో తరగతి.